తాడు చాలని రోజు

హపుతలే
జనవరి 9, 2017

చెల్లీ మల్కాంతీ,

1985లో వెలిమడ బస్టాండులో, చేతిలో ట్రైనింగ్ కాలేజీ పట్టా పట్టుకుని నువ్వు నాకొక మాట ఇచ్చావు. "అన్నయ్యా, మీ బడిలో ఆ లెక్కల పోస్టు ఇంకెవరికీ పోనివ్వకు, నేనే వస్తాను" అన్నావు. నేను విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగి, నాకు గిట్టని మనుషులకు నమస్కారాలు పెట్టి, ఆ పోస్టు ఖాళీగా ఉంచాను. నువ్వు రాలేదు. కొలంబోలో ఫీజులు దండిగా తీసుకునే బడిలో చేరావని మీ నాన్న, మా చిన్నాన్న, ఒక పెళ్ళి పంక్తిలో కూర్చుని చెప్పాడు. చెప్పి, పక్కవాణ్ణి పప్పు ఇటు తెమ్మన్నాడు. రెండేళ్ళు మా బడిలో పై తరగతులకు లెక్కలు చెప్పేవాళ్ళు లేరు.

నాకు డెబ్బై ఐదేళ్ళు. మరిచిపోయి ఉంటాననుకున్నావేమో. చదివిన పుస్తకాలు మరిచిపోతున్నాను గాని మనుషులు చేసినవి మరిచిపోవడం లేదు.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. మీ బడి హపుతలే శాఖలో ఇనోకా అనే కొత్త టీచరు ఉందట. ఆమెకు తోడుగా పెట్టిన మనిషి డిసెంబరులో మాల్దీవుల్లో ఎక్కువ జీతం దొరికి వెళ్ళిపోయాడట. నేను నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాను కాబట్టి, వారానికి రెండుసార్లు ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలట. ఇంగ్లండు పాఠ్యపుస్తకాలు, ఈతకొలను, గుర్రపు స్వారీ అన్నీ ఉన్న బడిలో వెనక బెంచీ మీద కూర్చోవడానికి ఒక మనిషి లేడా?

నేను రాకపోతే ఆ అమ్మాయికి ఏమవుతుందో తేటగా రాయి. ఫోన్ చేయకు. నాకు లేదు, పక్కింటివాళ్ళ ఫోనుకు కూడా చేయకు. ఫోనులో నీ గొంతు తియ్యగా ఉంటుంది. కాగితం మీద కాస్త నిజం చెబుతావు.

సిరిల్


కొలంబో
జనవరి 17, 2017

అన్నయ్యకు,

వెలిమడ బస్టాండు ఈసారి మొదటి వాక్యంలోనే వచ్చేసింది. మామూలుగా రెండో పేజీ దాకా ఆగుతావు. వయసు మీద పడుతున్నట్టుంది.

అడిగావు కాబట్టి తేటగానే రాస్తాను. మా పద్ధతిలో, చదువు ముగించిన కొత్త టీచరు మొదటి ఏడాది మూడు టర్ములూ పెద్దవాళ్ళ కళ్ళ ముందు పాఠం చెప్పాలి. దాన్ని ఇండక్షన్ అంటారు. ఇద్దరు ఉంటారు. ఒకరు తోడు. క్లాసులో కూర్చుని చూస్తారు, తర్వాత మాట్లాడతారు, మార్కులు వేయరు. ఇంకొకరు తీర్పరి. టర్ముకోసారి పాఠం చూసి ఇంగ్లండులో ఉన్న సంస్థకు రాస్తారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదు. ఇక్కడ తీర్పరిని నేను.

ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే అన్నయ్యా. తప్పితే మళ్ళీ కూర్చోనివ్వరు. మాలాంటి బళ్ళన్నీ ఆ కాగితమే అడుగుతాయి. ఇనోకా బుత్తల ఊరి పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. డిసెంబరులో ఆమె పాఠం చూసి "దారిలో లేదు" అని రాయవలసి వచ్చింది. మిగిలింది రెండు టర్ములు. జూలైలో చివరి తీర్పు.

లెక్కలు, కొలతలు తెలిసిన అనుభవజ్ఞుడైతే సరేనని ఆ సంస్థవాళ్ళు ఒప్పుకున్నారు. నువ్వు చేయవలసింది చూడడం, మాట్లాడడం. తీర్పు నాది. తీర్పు చెప్పకుండా ఉండడం నీకు ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను.

మల్కాంతి


హపుతలే
ఫిబ్రవరి 20, 2017

చెల్లీ,

నెల రోజులు కూర్చున్నాను. ఆ పిల్లకి పాఠం చెప్పడం రాదు.

నాలుగో తరగతి. పొడవులు కొలవడం నేర్పాలి. స్కేళ్ళు పెట్టెలో ఉన్నాయి. తీయదు. "ఈ బల్ల ఎంత పొడవుంటుంది?" అని అడిగి, చేతులు కట్టుకుని నిలబడింది. ఇక అంతే. నేను బౌద్ధ విహారాల్లో కూడా అంత మౌనం వినలేదు. శెనాల్ అనే గడుగ్గాయి చివరికి అడిగాడు, "ఎవరి జానతో మిస్?" అందరూ నవ్వారు. జహారా అని, ముందు వరసలో తలకు గుడ్డ కట్టుకున్న చిన్న పిల్ల ఉంది. "నా జానతో అయితే పెద్ద బల్ల మిస్, మీ జానతో అయితే చిన్న బల్ల" అంది. ఏ టీచరైనా అక్కడ అందుకుని, అందుకే స్కేలు కావాలి అని చెప్పి బోర్డు మీద రాస్తుంది. ఈమె "ఊఁ, ఇంకా?" అంది. గంట కొట్టారు. బోర్డు మీద తేదీ తప్ప ఒక్క అక్షరం లేదు.

పాఠమయ్యాక తప్పులన్నీ వరసగా చెప్పాను. బోర్డు వాడదు, ముగింపు లేదు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళని పట్టించుకోదు, అనుకున్నది పూర్తిచేయదు. ఆమె అన్నం పొట్లం విప్పి ముందు పెట్టుకుంది గాని ముట్టలేదు.

"సార్, ఇందులో ఒక్కటైనా..." అని ఆగింది.

"ఒక్కటైనా ఏమిటి?"

"ఏం లేదు సార్."

మాట పూర్తిచేయడం కూడా రాదు.

నాకు ముందు ఆమె పక్కన కూర్చున్న మహానుభావుడి రాతలు పంపావు. "బాగుంది." "చాలా బాగుంది." "పిల్లలు సంతోషంగా ఉన్నారు." సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అదే. కళ్ళు లేవా అతనికి? మునిగిపోతున్న మనిషికి గట్టు మీద నిలబడి చేయి ఊపినట్టుంది. పేరు ఉన్నచోట కాగితం అంటించి పంపావు. ఎందుకు? నాకు తెలిసినవాడా?

సిరిల్


కొలంబో
ఏప్రిల్ 3, 2017

అన్నయ్యకు,

మొన్న అక్కడికి వచ్చినప్పుడు నిన్ను దూరం నుంచి చూశాను. వెనక బెంచీలో గొడుగు మీద గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా కూర్చున్నావు. పిల్లలు నీకు గుడ్లగూబ సార్ అని పేరు పెట్టారు. నీకెవరూ చెప్పి ఉండరు కాబట్టి నేను చెబుతున్నాను.

రెండో టర్ముకీ "దారిలో లేదు" అనే రాశాను. నువ్వు చెప్పిన తప్పుల్లో ఒక్కటీ అబద్ధం కాదు. నాకూ అవే కనిపించాయి.

ఆ సాయంత్రం ఇనోకా నేనున్న గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మిస్, చివరి టర్ము కాకముందే మానేస్తే తప్పినట్టు రాయరు కదా?"

రాయరు. అది నిజం. మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది, అంతే. కానీ అలా ఆగినవాళ్ళని మళ్ళీ చేర్చుకునే బడి ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఈ నెలలో వచ్చే మన కొత్త సంవత్సరానికి ఇంటికి వెళ్ళి, అమ్మానాన్నలతో మాట్లాడి, బడి తెరిచాక చెప్పమన్నాను.

నువ్వు ఆమెకు చెప్పినవన్నీ ఆమెకు ముందే తెలుసు. రోజూ రాత్రి తనకు తాను చెప్పుకుంటోంది. ఆమెకు తెలియనిది ఏదైనా నీకు కనిపించిందా ఆ బెంచీ మీంచి? అది చూస్తావనే నిన్ను పంపాను.

పేరు సంగతి తర్వాత.

మల్కాంతి


హపుతలే
మే 14, 2017

చెల్లీ,

ఈ ఉత్తరం రాయడానికి రెండు కాగితాలు చించేశాను. నేను అలా చించే మనిషిని కాదని నీకు తెలుసు.

సెలవుల తర్వాత మొదటి వారం. లోయలోంచి పొగమంచు లేచి, రైలు కట్ట దాటి, బడి మైదానం నింపి, తెరిచి ఉన్న కిటికీలోంచి క్లాసులోకి వచ్చింది. ఇక్కడ అది వింతేమీ కాదు. శెనాల్ లేచి, "మిస్, మంచు క్లాసుకి వచ్చింది, హాజరు వేయండి" అన్నాడు.

జహారా ఒప్పుకోలేదు. "రాలేదు. ఇక్కడెక్కడుంది? అదిగో, గేటు దగ్గర ఉంది."

ఇనోకా వాళ్ళిద్దరినీ చూసి, "గేటు దగ్గర సరిగ్గా ఎక్కడ మొదలవుతోంది?" అని అడిగి, ఎప్పటిలాగే చేతులు కట్టుకుంది. "వెళ్ళి చూద్దామా?" అంది. పిల్లలు పరుగు తీయలేదు, నిశ్శబ్దంగా లేచి బయటికి నడిచారు. నేనూ గొడుగు తీసుకుని వెంట వెళ్ళాను.

మైదానానికి అడ్డంగా ఒక్కొక్కరినీ నిలబెట్టుకుంటూ పోయింది. ముందువాడు కాస్త పాలిపోయినట్టు కనబడగానే ఆగమని, "నీ దగ్గర మంచు ఉందా?" అని అరిచి అడుగుతుంది. "లేదు మిస్, ఇక్కడ లేదు, ఇంకా ముందుంది!" ఆ తర్వాతి పిల్ల ఇంకా ముందుకి వెళుతుంది. "నీ దగ్గరో?" "ఇక్కడ లేదు! ముందుంది!" వరస పొడవవుతోంది. ఒక్కొక్క గొంతూ దూరమవుతోంది, మాట మాత్రం మారడం లేదు. ఇక్కడ లేదు. నేను నిలబడ్డ చోట బాగానే ఉంది. మంచు అక్కడెక్కడో ఉంది.

వరస మధ్యలో జహారా ఉంది. వెనక్కి చూసింది, ముందుకి చూసింది. ఇనోకా తొందరపెట్టలేదు. తర్వాత ఆ పిల్ల, ఎవరితోనూ కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది:

"ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ అందరం మంచులోనే ఉన్నాం. నాకు నువ్వు మంచులో ఉన్నావు, నీకు నేను మంచులో ఉన్నాను."

మల్కాంతీ, నా ఇంట్లో గోడల నిండా పుస్తకాలున్నాయని నీకు తెలుసు. వెలుగు గురించి, చూపు గురించి, మనిషి తనను తాను ఎరగకపోవడం గురించి ఎంతమంది పెద్దలు రాసింది చదివానో లెక్క లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల తడిసిన సాక్సులతో నిలబడి ఆ మాట అనడం నేను విన్నాను. అంతటి మాట కళ్ళ ముందు పుట్టడం నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో నా క్లాసులో అది పుట్టడానికి నేనెప్పుడూ చోటు ఇవ్వలేదు. మా ప్రభుత్వ బళ్ళలో ఆ సమయం ఉండేది కాదు, సిలబస్సు ఊపిరి తీసుకోనిచ్చేది కాదు, అది నా తప్పు కాదు. కానీ ఇనోకా చేతులు కట్టుకుని నిలబడడం పాఠం రాక కాదని ఆ రోజు తెలిసింది. ఆమె అక్కడ నిలబడి చోటు కాపలా కాస్తోంది.

తర్వాత టీ గదిలో ఆమె సంచీలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మల్కాంతి మిస్‌కి పంపాలి సార్. మానేస్తున్నాను." ఆ కవరు సంచీలో పెట్టుకునే ఆ పాఠం చెప్పింది!

నేను నోరు తెరిచాను. కొలతలు రాలేదు, ముగింపు లేదు, సాక్సులన్నీ తడిశాయి. అన్నీ నాలుక మీదే ఉన్నాయి. నువ్వు రాసిన ప్రశ్న గుర్తొచ్చింది. అందుకని ఇలా అడిగాను: "జహారా అన్న మాటని రేపు ఏం చేస్తావు?"

అడిగి, ఆమె చేసేదే చేశాను. నోరు మూసుకున్నాను. అది ఎంత కష్టమో నీకెలా చెప్పను. టీ చల్లారిపోయింది. నాకు జవాబు తెలుసు, మూడు జవాబులు తెలుసు. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

చివరికి, "ఎంత దూరం వెళితే మనిషి కనబడకుండా పోతాడో... అది కొలవొచ్చు సార్" అంది.

"దేనితో?"

"స్కేలు చాలదు కదా. తాడు." ఆమె కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "రోజూ కొలిస్తే రోజూ వేరేగా వస్తుంది. అయితే పిల్లలే అడుగుతారు, ఎందుకు అని. అప్పుడు స్కేలు, మీటరు, అన్నీ వాళ్ళకే కావలసి వస్తాయి."

మాట్లాడుతూనే బెల్లం ముక్క తీసి ఆ కవరు మీద పెట్టుకుని, కొరుక్కుంటూ చల్లారిన టీ తాగింది. కవరుకి జిడ్డు అంటింది. దాన్ని ఎక్కడికీ పంపలేదు.

సిరిల్


కొలంబో
జూన్ 2, 2017

అన్నయ్యకు,

నీ ఉత్తరం బస్సులో చదివి, దిగవలసిన చోట దిగడం మరిచిపోయాను.

అయితే నువ్వొకటి రాయలేదు. ఇనోకా చెప్పింది. ఆ వరసకి చిట్టచివర నువ్వు నిలబడ్డావట. పిల్లలు "సార్, మీ దగ్గర మంచు ఉందా?" అని కేక వేస్తే, "లేదు! ఇక్కడ అంతా శుభ్రంగా కనిపిస్తోంది!" అన్నావట. అప్పటికి నీ గొడుగు కూడా ఎవరికీ కనబడడం లేదట. "గుడ్లగూబ సార్ మాయమైపోయి కూడా ఒప్పుకోవడం లేదు మిస్" అన్నాడట శెనాల్.

ఇప్పుడు ఆ పేరు. "బాగుంది, బాగుంది" అని రాసిన మనిషి నిహాల్ కొడికార. నీ వెలిమడ బడి నిహాలే. నీ దగ్గర లెక్కలు నేర్చుకుని యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి కుర్రాడు. వెళ్ళిపోయేముందు ఆ రాతల గురించి నిలదీశాను. ఏమన్నాడో అలాగే రాస్తున్నాను:

"సార్ దగ్గర ఐదేళ్ళు చదివాను మిస్. లెక్క తప్పయితే ఎక్కడ తప్పిందో చెప్పేవారు. ఒప్పయితే పేజీ తిప్పేవారు. ఐదేళ్ళూ అంతే. నేను టీచరునైతే ఎవరి పేజీ అలా తిప్పనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను."

అతను చేసింది తప్పే. ఇనోకాకి నిజం చెప్పలేదు. కానీ ఆ తప్పు ఎక్కడ నేర్చుకున్నాడో నువ్వు తెలుసుకోవాలి.

ఇంకొకటి, ముప్పై రెండేళ్ళుగా నువ్వు అడుగుతున్నదానికి జవాబు. ట్రైనింగులో ఉండగా ఒకరోజు మీ బడికి వచ్చి, నీ క్లాసు బయట నిలబడి విన్నాను. అంత గొప్పగా చెప్పేవాడివి. మధ్యలో ఒక పిల్ల లేచి చక్కటి జవాబు చెప్పింది. నువ్వు "తర్వాత" అన్నావు. నీ పక్క గదిలో రోజూ పాఠం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. డబ్బు కోసం పోయానని అందరితో చెప్పావు. చెప్పుకోనిచ్చాను.

జూలై 17న చివరిసారి వస్తాను. పిల్లలు కొలతలు నేర్చుకున్నారని నాకు కనబడాలి. నీకు కనబడితే చాలదు. ఆ రోజు కనబడకపోతే ఇనోకా తప్పినట్టు రాయవలసింది నేనే. నీ చెల్లెల్ని కాబట్టి కలం వంకర తిరగదు.

మల్కాంతి


హపుతలే
జూన్ 11, 2017

మల్కాంతీ,

నిహాల్ మంచి విద్యార్థి. నాకు దొరికినవాళ్ళలో అందరికంటే మంచివాడు. అది వాడికి తెలిసే ఉంటుందనుకున్నాను. ఒప్పు లెక్కకి ఒప్పు కావడమే బహుమానం. నా మీద ఉన్న అలకని వాడు ఆ ఆడపిల్ల మీద తీర్చుకున్నాడు. దానికి కూడా నేనే జవాబు చెప్పాలా? నీ సంగతి సరే, వరండాలో నిలబడి ఒక్క మాట విని మనిషిని కొలిచేశావు. ఎవరి జానతో కొలిచావు?

ఇక ఈ విషయం వద్దు.

తాడు గురించి రాస్తాను, అది నీకు కావలసిన విషయం. కొబ్బరి పీచు తాడు. పిల్లలే మీటరు స్కేలుతో కొలిచి, మీటరుకొకటి చొప్పున ఎర్ర గుడ్డ పీలిక కట్టారు. ఒకరు ఎర్ర బక్కెట్ మూత పట్టుకుని నడుస్తారు. మూత కనబడకుండా పోయిన చోట అందరూ "పోయింది!" అని అరుస్తారు. ఎన్ని మీటర్లో, ఎన్ని సెంటీమీటర్లో చూసి గోడ మీది కాగితంలో చుక్క పెడతారు. చుక్కలన్నీ కలిపితే గీత కొండల్లా లేచి పడుతోంది. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలే మూత మొయ్యడానికి కొట్టుకుంటున్నారు. దశాంశాలు వాళ్ళకి నేను గాని ఇనోకా గాని చెప్పలేదు. రెండు పీలికల మధ్య మూత పోయినప్పుడు వాళ్ళే అడిగి పుచ్చుకున్నారు.

ఒక భయం ఉంది. గాలి మారింది. వారం నుంచి పొద్దున్నే ఎండ కాస్తోంది. నువ్వొచ్చే రోజు మంచు లేకపోతే ఆ పిల్ల దగ్గర చూపించడానికి ఇంకేమీ లేదు. ఇంకో పాఠం సిద్ధం చేసుకో అన్నాను. తల ఊపింది. చేయదని నాకు తెలుసు.

సిరిల్


కొలంబో
జూలై 19, 2017

అన్నయ్యకు,

నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా రాయకుండా ఉండలేను. నేను చూసిందీ నువ్వు చూసిందీ ఒకటేనా అని తెలుసుకోవాలి.

ఆకాశం కడిగినట్టుంది. మంచు మచ్చుకైనా లేదు. నేను కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. ఇనోకా మొహంలో రక్తం లేదు. పిల్లల్ని మైదానంలోకి తీసుకువెళ్ళి తాడు పరిచింది. మూత పట్టుకున్న పిల్లాడు తాడు చివరి దాకా నడిచి, అక్కడ ఆగి, "మిస్, తాడు అయిపోయింది! నేను పోలేదు!" అని అరిచాడు.

"మరి ఎలా?" అంది ఆమె. ఎప్పటి ప్రశ్నలాంటి ప్రశ్న కాదది. నిజంగా తనకీ తెలియదు. నేను కాగితం మీద "ముందు చూపు లేదు" అని సగం రాశాను.

శెనాల్ తాడు మళ్ళీ మళ్ళీ పరుద్దాం అన్నాడు. ఎన్నిసార్లు పరిస్తే గేటు, ఎన్నిసార్లు పరిస్తే రైలు కట్ట అని వాళ్ళలో వాళ్ళే లెక్క కట్టుకున్నారు. నోటితో గుణించారు అన్నయ్యా, దశాంశాలతో సహా. ఒకడు తప్పు చేస్తే ఇంకొకడు దిద్దాడు. "రైలు కట్ట దగ్గర ఆగదు" అన్నారెవరో. అప్పుడు అందరూ దక్షిణం వైపు గోడ దగ్గరికి పరుగెత్తారు.

నువ్వు రోజూ చూసేదే. నేనూ చిన్నప్పటి నుంచి చూసిందే. కొండ అక్కడ తెగిపోతుంది, కింద మైదానాలు ఒకదాని వెనక ఒకటి నీలంగా పరుచుకుంటాయి, వాటికి అవతల చిట్టచివర వెండి గీతలా సముద్రం. ఆ పిల్లలు దాన్ని తాడుతో చూస్తున్నారు. ఎన్ని తాళ్ళు! అప్పుడు జహారా చేయెత్తి పడమటి వైపు చూపించింది. పగటి చంద్రుడు, సగం తిన్న అప్పంలా తెల్లగా.

"మిస్, అది కూడా కనబడుతోంది."

ఇనోకా చేతులు కట్టుకుంది.

"అంటే మన కళ్ళు ఎప్పుడూ అంత దూరం చూడగలవు" అంది ఆ పిల్ల. "మంచు రోజుల్లో కూడా. కళ్ళు చిన్నవి కాలేదు. మధ్యలో అది అడ్డొచ్చింది, అంతే."

వెనక్కి వచ్చి గోడ మీది కాగితంలో ఆ రోజు చుక్క పెట్టాలి. కాగితం మీద చోటు లేదు. శెనాల్ బల్ల ఎక్కి, కాగితం దాటి, గోడ దాటి, పైకప్పు దాకా వేలు పెట్టి, "ఇక్కడ కూడా కాదు" అన్నాడు. కింద జహారా పట్టికలో రాసింది: తాడు చాలలేదు.

నా కాగితం మీద సగం రాసినది కొట్టేశాను. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చూస్తున్నాను. అంత పెద్ద ఆకాశం ఉన్న పాఠం చూడలేదు. కొలతలు వచ్చాయా? వచ్చాయి. గుణకారం వచ్చింది, దశాంశం వచ్చింది, కొలవలేనిది ఒకటుందని కూడా వచ్చింది. ఇనోకా పాసయిందని నిన్న సంస్థకు రాసి పంపాను.

కానీ ఇంకొకటి చూశాను. పాఠం అయ్యాక ఆమె నా వైపు చూడలేదు. నీ వైపు చూసింది. నువ్వు గొంతు సవరించుకున్నావు. గొడుగు తీసుకున్నావు. "ఆ తాడు తడవకుండా లోపల పెట్టించు" అని చెప్పి వెళ్ళిపోయావు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పాసైన మనిషిలా లేదు.

అన్నయ్యా, ఒక్క మాట.

మల్కాంతి


హపుతలే
జూలై 27, 2017

చెల్లీ,

నీ ఉత్తరం అందిన మర్నాడు ఆ పిల్ల అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళాను. ఇంటివాళ్ళు నన్ను చూసి, ఎవరో చనిపోయిన కబురు తెచ్చాననుకుని కుర్చీ తెచ్చి వేశారు. ఆమె వంటింట్లో పాలన్నం వండుతోంది, పాసైనందుకు ఇరుగుపొరుగుకి పంచడానికి. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం తప్పు జరిగింది సార్?" అంది.

నేను వచ్చానంటే ఆమెకి ఆ మాటే వచ్చింది.

కూర్చున్నాను. గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని పిడి తిప్పుతూ ఉండిపోయాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది, క్లాసులో నిలబడినట్టే. తొందరపెట్టలేదు. నాకు కూడా చోటు ఇచ్చింది.

"బాగుంది" అన్నాను.

"ఏది సార్?"

"మంచులో వరస. తాడు. ఆ రోజు ఏం చేయాలో నీకు తెలియక, తెలియదని పిల్లలకి కనబడనివ్వడం. అన్నీ బాగున్నాయి. నేను చూసిన పాఠాల్లో అంత గొప్పవి లేవు."

ఆమె ఏడవలేదు. నవ్వలేదు కూడా. "ఇంకోసారి అనండి సార్" అంది. ఎగతాళి కాదు. పిల్లలు కథలో ఒక చోటు మళ్ళీ అడిగినట్టు అడిగింది. ఇంకోసారి అన్నాను. రెండోసారి తేలికగా ఉంటుందనుకున్నాను. లేదు. ఒక చిన్న మాటకి అంత బరువుంటుందని, అది అవతలి మనిషి మొహంలో ఎలా వెలుగుతుందో ఇంత దగ్గరగా చూడవచ్చునని డెబ్బై ఐదేళ్ళకి తెలిసింది. ఆకాశం తెరిపినిచ్చినట్టుంది ఆ మొహం.

ఆకులో పాలన్నం పెట్టి ఇచ్చింది. దారిలో తిన్నాను.

నిహాల్ మాల్దీవుల చిరునామా పంపు. ఏం రాస్తానో నాకింకా తెలియదు. నీ మీద ఉన్న లెక్క కొట్టేశాను. వెలిమడ బస్టాండు గురించి ఇక రాయను, రాస్తే నువ్వు చదవకు.

కానీ అందరినీ క్షమించానని అనుకోకు. 1964లో, లుణుగల బడిలో నా మొదటి ఏడాది. అప్పుడు ఇండక్షన్ లేదు, తోడు లేదు, ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం త్రిభుజం కోణాల గురించి పాఠం చెప్పాను. కాగితం త్రిభుజాల మూలలు చింపి పక్కపక్కన పెట్టమన్నాను. మూడూ కలిసి తిన్నని గీత అయినప్పుడు క్లాసంతా ఒక్కసారి "ఆఁ" అంది. బయట వాన పడుతోంది. వరండాలో హెడ్మాస్టరు మొదటి నుంచి చివరిదాకా నిలబడి విన్నాడు. నేను ఆయన్ని చూశాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, అది వాన కాదు. బాగుందని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఇరవై మూడేళ్ళవాణ్ణి, సుద్దముక్క పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, "కిటికీ వేసెయ్, జల్లు కొడుతోంది" అని వెళ్ళిపోయాడు.

ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆయన పేరు కిరిబండ మొరగొల్ల.